స్పానిష్ సంగీతం: వయొలిన్, ఆర్కెస్ట్రా కచేరి

డెబ్భై ఎనభై మంది వాద్యకారులున్న ఆర్కెస్ట్రా, దాని ముందు ఒంటరిగా నిలబడిన ఒక వయొలినిస్టు, సాయంత్రమంతా స్పెయిన్ పాటలు, ఆటల లయలు. యూరప్, అమెరికా సంగీత సభల్లో పందొమ్మిదో శతాబ్దం నుంచీ నిలిచి ఉన్న కచేరి పద్ధతి ఇది. మొదట ఒక చిన్న ఆర్కెస్ట్రా రచన వినిపిస్తారు. అది శాబ్రియే రాసిన ‘ఎస్పాన్యా’ కావచ్చు, సార్సుయేలా అనే స్పానిష్ సంగీత నాటకాల నాంది కావచ్చు. తరువాత వయొలిన్ ప్రధానంగా సాగే పెద్ద రచన (కాన్చెర్టో), విరామం, ఆపైన మాన్యుఎల్ దె ఫాయా బాలే సంగీతం. శ్రోతలు వదలకపోతే చివర ఒకటి రెండు కొసరు ముక్కలు.

ఈ కచేరిలో వినేవాళ్ళను ముందుగా ఆశ్చర్యపరచే సంగతులు రెండున్నాయి. స్పానిష్ సంగీతమని వాయించే వాటిలో పేరున్న రచనలు చాలావరకు స్పెయిన్ వాళ్ళవి కావు. ఫ్రెంచివాళ్ళవి, రష్యన్లవి. రెండోది, స్పెయిన్ అనగానే అందరికీ గుర్తొచ్చే ఫ్లమెంకోలో వయొలిన్‌కి పాతకాలం నుంచీ చోటు లేదు. అక్కడ గొంతు, గిటారు, చప్పట్లు, నేలను తన్నే మడమ ఇవే వాద్యాలు. (మలగా కొండ పల్లెల్లో వెర్దియాలెస్ అనే మేళం ఉంది. అందులో గిటార్లు, తాళాలతో పాటు వయొలిన్ కూడా మోగుతుంది. కానీ కచేరి హాళ్ళకు చేరిన సంగీతం ఆ దారిన రాలేదు.) కాబట్టి ఈ రచనల్లో వయొలిన్ తనది కాని పని మీద వేసుకుంటుంది. గిటారులా మీటాలి, గాయకుడిలా గొంతెత్తి విలపించాలి, నర్తకి మడమలా నేలను కొట్టాలి. ఈ కచేరి రుచంతా అందులోనే ఉంది.

పారిస్‌లో తయారైన స్పెయిన్

పందొమ్మిదో శతాబ్దం సగం గడిచేదాకా మాడ్రిడ్‌లో ఇటాలియన్ ఒపెరాదీ, సార్సుయేలాదీ రాజ్యం. నియమంగా సింఫనీలు వాయించే సంస్థ అక్కడ 1866లో గానీ ఏర్పడలేదు. చదువుకోవాలన్నా, పేరు తెచ్చుకోవాలన్నా స్పెయిన్ సంగీతకారుడు పారిస్‌కి పోవలసిందే. అదే సమయంలో పారిస్‌కి స్పెయిన్ మీద మోజు పట్టుకుంది. గ్రనాడాలో పుట్టిన యూజనీ 1853లో మూడో నెపోలియన్‌ని పెళ్ళాడి ఫ్రాన్స్ మహారాణి అయింది. స్పానిష్ దుస్తులు, నాట్యాలు, బొమ్మలు, పాటలు నగరానికి వేడుకైపోయాయి.

ఆ మోజు ఎంత చిక్కుదారుల్లో నడిచిందో చూపడానికి ఒక్క పాట చాలు. జార్జ్ బిజే స్పెయిన్ గడ్డ మీద అడుగు పెట్టకుండానే ‘కార్మెన్’ ఒపెరా రాశాడు. అందులో కథానాయిక పాడే హబనేరా వరస జానపదుల పాట అనుకొని తీసుకున్నాడు. నిజానికి అది సెబస్తియాన్ ఇరాదియేర్ అనే బాస్క్ ప్రాంతపు రచయిత కట్టిన పాట. సంగతి తెలిశాక బిజే తన స్వరలిపిలో ఆ విషయం రాయించాడు. పైగా హబనేరా పేరే హవానా నగరం నుంచి వచ్చింది. అంటే క్యూబా లయ స్పెయిన్‌కి వచ్చి, ఒక బాస్క్ కలంలో పాటై, పారిస్ ఒపెరాలో సెవిల్ యువతి నోట పలికి, లోకానికంతటికీ స్పెయిన్ గుర్తుగా నిలిచిపోయింది. దీన్ని నకిలీ అని తోసేయడం తొందరపాటు. లయ ప్రయాణం చేస్తుంది, చేరిన ప్రతి ఊళ్ళోనూ కాస్త మారుతుంది.

రష్యన్లు ఇంకా ముందే బయలుదేరారు. మిఖాయిల్ గ్లింకా 1845 నుంచి 1847 వరకు స్పెయిన్‌లో తిరిగి, ‘అరగాన్ హోతా’ మీద ఆర్కెస్ట్రా రచన చేశాడు. ఇమాన్యుయెల్ శాబ్రియే 1882లో కొన్ని నెలలు స్పెయిన్ అంతా చుట్టి, విన్న లయలను నోటు పుస్తకంలో రాసుకున్నాడు. వాటి నుంచి వచ్చిన ఆరేడు నిమిషాల ‘ఎస్పాన్యా’ 1883 నవంబరులో పారిస్‌లో మోగింది. క్లోద్ దెబ్యుసీకి స్పెయిన్‌తో ఉన్న పరిచయం సరిహద్దు పట్టణం సాన్ సెబస్తియాన్‌లో గడిపిన కొద్ది గంటలే. అయినా అతని ‘ఇబేరియా’లోని నిజాయితీని మెచ్చుకున్నది ఎవరో కాదు, కాదిస్‌లో పుట్టిన ఫాయా. మోరిస్ రవేల్ తల్లి బాస్క్ స్త్రీ. చిన్నప్పుడు ఆమె నోట విన్న స్పానిష్ పాటలు ‘స్పానిష్ రాప్సొడీ’, ‘బొలేరో’ దాకా అతని వెంట వచ్చాయి.

సరసాతే

ఈ కచేరి రూపానికి ఒక మనిషిని మూలపురుషుడిగా చెప్పాలంటే అతను పాబ్లో దె సరసాతే. 1844 మార్చి 10న నవార్రా ప్రాంతంలోని పంప్లోనాలో పుట్టాడు. తండ్రి సైనిక బ్యాండు నాయకుడు. కుర్రవాడు ఎనిమిదేళ్ళకే సభలో వాయించాడు. పదకొండు పన్నెండేళ్ళ వయసులో తల్లి అతన్ని పారిస్ కన్సర్వేటరీలో చేర్పించడానికి బయలుదేరింది. దారిలో బయోన్ పట్టణంలో ఆమె చనిపోయింది. పిల్లవాడికి కలరా. ఆ ఊళ్ళో ఉన్న ఒక స్పానిష్ పెద్దమనిషి చేరదీసి, కోలుకున్నాక పారిస్ పంపాడు. అక్కడ దెల్ఫిన్ అలార్ దగ్గర నేర్చుకొని కన్సర్వేటరీ మొదటి బహుమతి గెలుచుకున్నాడు.

అతని వాయింపులో బలం కన్నా నిర్మలత్వం ఎక్కువని విన్నవాళ్ళంతా రాశారు. సన్నని, తేటైన నాదం, ఎంత వేగంలోనూ చెదరని శ్రుతి, కమాను బరువే తెలియనంత తేలిక. అప్పటి స్వరకర్తలు ఆ నాదాన్ని దృష్టిలో పెట్టుకొని రాయడం మొదలుపెట్టారు. సాఁ-సాన్స్ మొదటి, మూడో కాన్చెర్టోలు, ‘ఇంట్రొడక్షన్, రొండో కప్రిచోసో’, బ్రూఖ్ రెండో కాన్చెర్టో, ‘స్కాటిష్ ఫాంటసీ’, వియెన్యావ్‌స్కీ రెండో కాన్చెర్టో అన్నీ సరసాతేకి అంకితమైనవే. ఇవాళ వయొలిన్ విద్యార్థి నేర్చుకునే రచనల్లోంచి ఈ ఒక్క మనిషి కోసం రాసినవి తీసేస్తే పెద్ద ఖాళీ మిగులుతుంది. ఆ కాలంలో అతని పేరు ఎంత దూరం పాకిందంటే, కోనన్ డాయిల్ కథల్లో షెర్లాక్ హోమ్స్ ఒక కేసు మధ్యలో పని ఆపి, లండన్ సెయింట్ జేమ్స్ హాల్లో సరసాతే కచేరికి వెళతాడు.

తాను వాయించడానికి తానే రాసుకున్నవి కూడా ఉన్నాయి. 1878 నుంచి 1882 మధ్య అచ్చయిన ఎనిమిది ‘స్పానిష్ నాట్యాలు’ మొదట వయొలిన్, పియానోలకు రాసినవి. మలగేన్యా, హబనేరా, అందలూసియా రొమాన్సా, నవార్రా హోతా, ప్లయేరా, సపతేయాదో, పేర్లు పెట్టని చివరి రెండు నాట్యాలు. ఈ పేర్లు వరసగా చదివితే స్పెయిన్ పటం కళ్ళ ముందు కదులుతుంది. ‘బాస్క్ కప్రీస్’, ఇద్దరు వయొలినిస్టులు జంటగా వాయించే ‘నవార్రా’ పుట్టిన నేలకు అతను చేసుకున్న కానుకలు. ‘కార్మెన్ ఫాంటసీ’ 1883లో అచ్చయింది. బిజే ఒపెరాలోంచి నాలుగో అంకం ముందరి అరగోనేజ్, హబనేరా, అధికారిని ఆటపట్టిస్తూ కార్మెన్ పాడే పాట, సెగిదియా, జిప్సీ నాట్యం తీసుకొని పన్నెండు నిమిషాల్లో అల్లిన రచన ఇది. ఫ్రెంచివాడు ఊహించిన స్పెయిన్‌ని ఒక స్పెయిన్ మనిషి తిరిగి చేతిలోకి తీసుకున్నాడన్నమాట. సరసాతే పేరు చెప్పగానే అందరూ తలచుకునే ‘త్సిగాయ్నర్‌వైజెన్’ మాత్రం స్పానిష్ కాదు, హంగరీ జిప్సీ మేళాల వరసల మీద కట్టినది. స్పానిష్ కచేరిలో దాన్ని కూడా కలిపేస్తుంటారు. శ్రోతలు ఆ తేడా తెలుసుకొని వినడం మంచిది.

1904లో అతను కొన్ని గ్రామఫోన్ రికార్డులు ఇచ్చాడు. అప్పటికి అరవై ఏళ్ళు. గరగరల వెనక నుంచి వినిపించే ఆ వేగం ఇప్పటి వాదకులను కూడా నిలదీస్తుంది. ‘త్సిగాయ్నర్‌వైజెన్’ రికార్డులో మధ్యలో ఒక్క క్షణం అతని మాట కూడా వినబడుతుంది. వాయిస్తూ వాయిస్తూ పక్కవాళ్ళతో ఏదో అంటాడు. మహా వాదకుడి గొంతు అలా పొరపాటున మనకు దక్కింది.

లాలో ‘స్పానిష్ సింఫనీ’

ఈ కచేరికి గుండెకాయ లాంటి రచన ఎద్వార్ లాలోది. 1823లో ఫ్రాన్స్ ఉత్తరాన లీల్ నగరంలో పుట్టాడు. తాతముత్తాతలది స్పెయిన్. చాలాకాలం గుర్తింపు లేకుండా గడిపాడు. యాభై దాటాక సరసాతే అతని వయొలిన్ కాన్చెర్టో వాయించి పేరు తెచ్చాడు. ఆ ఊపులో 1874లో రాసినదే ‘స్పానిష్ సింఫనీ’. 1875 ఫిబ్రవరి 7న పారిస్‌లో సరసాతే తొలిసారి వాయించాడు. నెల తిరగకముందే, మార్చి 3న, అదే నగరంలో ‘కార్మెన్’ తెర లేచింది.

పేరు సింఫనీ, స్వభావం కాన్చెర్టో, భాగాలు అయిదు. కాన్చెర్టోకి అలవాటైన మూడు భాగాల కన్నా రెండు ఎక్కువ. మొదటి భాగం డి మైనర్‌లో మొదలవుతుంది. ఆర్కెస్ట్రా గట్టిగా పిలుస్తుంది. వయొలిన్ ఎక్కువసేపు ఆగకుండా బదులిస్తుంది. ఆ పల్లవిలో ఒక కీలకం ఉంది. రెండు సమాన స్వరాలు, వెంటనే అంతే నిడివిలో మూడు స్వరాలు. రెండు, మూడు, మళ్ళీ రెండు, మూడు. వినేవాడి కాలు తాళం వేయబోయి క్షణం తడబడుతుంది. ఆ తడబాటు దగ్గరే స్పెయిన్ మొదలవుతుంది. రెండో భాగంలో ఆర్కెస్ట్రాలోని తంత్రీ వాద్యాలన్నీ కమాను పక్కనపెట్టి వేళ్ళతో మీటుతాయి. పెద్ద గిటారు ఒకటి వెనక కూర్చుని మోగుతున్నట్టుంటుంది, దాని మీద వయొలిన్ సెగిదియా నడకలో పాడుతుంది.

మూడోదైన ఇంటర్‌మెజో హబనేరా ఛాయలో సాగుతుంది. విచిత్రమేమిటంటే ఈ భాగాన్ని దశాబ్దాల తరబడి వదిలేసి నాలుగు భాగాలే వాయించేవారు. పదిహేడేళ్ళ యెహుదీ మెనూహిన్ 1933లో జార్జ్ ఎనెస్కు నిర్వహణలో అయిదు భాగాలూ రికార్డు చేశాక క్రమంగా అది తన చోటికి తిరిగొచ్చింది. తీసేసి వాయిస్తే రచన నడుము విరుగుతుంది. మొత్తం రచనలో నేల వాసన ఎక్కువగా తగిలేది ఆ భాగంలోనే. నాలుగోది నిదానమైన అందాంతె. గాలి వాద్యాలు బరువుగా మొదలుపెట్టాక వయొలిన్ తన కింది తీగల మీద ఓపిగ్గా పాడుతుంది. అయిదోదైన రొండో మొదలు ఎన్నిసార్లు విన్నా కొత్తగానే ఉంటుంది. ఒక చిన్న స్వరగుచ్ఛం ఎక్కడో దూరం నుంచి, వినీ వినపడనట్టు, మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఒక్కో వాద్యం చేరుతూ ఊరేగింపు వీధి మలుపు తిరిగి మన ముందుకు వచ్చినట్టు నాదం పెరుగుతుంది. నిండుగా పెరిగి మళ్ళీ తగ్గిన చోట వయొలిన్ నవ్వుతున్నట్టు ప్రవేశిస్తుంది. మొత్తం రచన ముప్ఫై నిమిషాల పైచిలుకు.

దీని ప్రభావం స్పెయిన్‌తో ఆగలేదు. 1878లో చైకోవ్‌స్కీ స్విట్జర్లాండ్‌లోని క్లారెన్స్‌లో ఉన్నప్పుడు, శిష్యుడు, వయొలినిస్టు అయిన కోతెక్ ఈ రచన తెచ్చాడు. ఇద్దరూ కలిసి వాయించుకున్నారు. ఆ తాజాదనం, ఆ తేలిక నచ్చి చైకోవ్‌స్కీ వెంటనే తన వయొలిన్ కాన్చెర్టో మొదలుపెట్టి నెల తిరిగేలోపు ముగించాడు.

లయలు, స్వరాలు

స్పెయిన్ అంతా ఒకే సంగీతం కాదు. ఉత్తరాన అరగాన్, నవార్రాల హోతా వేగమైన మూడు దెబ్బల నాట్యం, గంతులతో నిండినది. సెగిదియా, ఫాందాంగో కూడా మూడు మీద నడిచేవే, కానీ నడక వేరు. సపతేయాదో ఆరు దెబ్బల మీద మడమల ఆట. సపాతో అంటే బూటు, పేరు అందులోంచే వచ్చింది. హబనేరాను ఎనిమిది అక్షరాలుగా లెక్కపెడితే ఒకటి, నాలుగు, అయిదు, ఏడు మీద దెబ్బ పడుతుంది. చేత్తో తట్టి చూస్తే వెంటనే పట్టుబడుతుంది. అన్నిటికన్నా స్పానిష్ అనిపించే లెక్క పన్నెండుది. పన్నెండు అక్షరాలను మూడు, మూడు, రెండు, రెండు, రెండుగా విడగొట్టడం. రెండు తిశ్రాలు వేసి వెంటనే మూడు ద్వయాలు వేసినట్టు. కాలం అంతే, విరుపు మారుతుంది. మృదంగం వినే అలవాటున్న చెవికి ఇది కొత్త కాదు.

స్వరాల సంగతి తెలుగు శ్రోతకు ఇంకా దగ్గరది. అందలూసియా పాటలు ఎక్కువగా ఫ్రిజియన్ అనే స్వర వరసలో ఉంటాయి. షడ్జం పక్కనే శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. అంటే మన హనుమతోడి మేళం మెట్లు. పాట వాక్యం ముగిసే చోట మ, గ, రి, స అని నాలుగు మెట్లు దిగుతుంది. అక్కడ ఒక విశేషం జరుగుతుంది. షడ్జం మీద ఆగినప్పుడు గిటారు మోగించే స్వరసమూహంలో అంతర గాంధారం ఉంటుంది. దిగేటప్పుడు సాధారణ గాంధారం, ఆగినప్పుడు అంతర గాంధారం, తోడి మెట్లు దిగి వకుళాభరణం గుమ్మంలో నిలిచినట్టు. ‘మలగేన్యా’లు అన్నిటా, స్పెయిన్ స్వరకర్త ఆల్బేనిజ్ రచనల్లో, ఫాయా రచనల్లో ఈ నాలుగు మెట్లు వినబడుతూనే ఉంటాయి. అయితే మెట్లు కలిశాయని రాగం కలిసినట్టు కాదు. తోడిలో గాంధారం పలికే గమకం అక్కడ లేదు. వాళ్ళ గొంతు వంపులు వేరు.

పోలిక ఇక్కడితో ఆపాలా, చరిత్రలోకి లాగాలా అన్నది ఫాయా కూడా ఆలోచించిన విషయమే. 1922లో గ్రనాడాలోని అల్‌హాంబ్రాలో కవి లోర్కా తదితరులతో కలిసి ‘కాంతె హొందో’ అనే అందలూసియా పాటల పోటీ జరిపినప్పుడు, ఆ గానానికి భారతీయ గానంతో ఉన్న పోలికలను తన వ్యాసంలో ఎత్తి చూపాడు. స్పెయిన్ జిప్సీల పూర్వీకులు భారతదేశపు వాయవ్య ప్రాంతం నుంచి వెళ్ళినవాళ్ళన్నది భాషాశాస్త్రం తేల్చిన సత్యం. కానీ ఆ సంగీతంలో అరబ్బుల పాలు, యూదుల పాలు, తూర్పు క్రైస్తవ చర్చి పాటల పాలు కూడా ఉన్నాయని ఫాయా కాలం నుంచీ చెబుతున్నారు. ఒక్క ఊట నుంచి పుట్టిన ఏరు కాదది.

కమానుతో గిటారు

వయొలిన్ నాలుగు తీగల శ్రుతులు జి, డి, ఎ, ఇ. గిటారు ఆరు తీగల్లోనూ ఈ నాలుగు శ్రుతులూ ఉన్నాయి. డి, ఎ, ఇ ఆధారంగా రాసినప్పుడు రెండు వాద్యాల్లోనూ వేలు పెట్టని తీగలు స్వేచ్ఛగా మోగుతాయి. స్పానిష్ వయొలిన్ రచనలు ఇంత గలగలమనడానికి ఒక కారణం ఇదే. ఎడమచేతి వేలితోనే తీగను మీటడం, కమానును తీగ మీద ఎగిరెగిరి పడేలా వదలడం, రెండేసి తీగలు ఒకేసారి పలికించడం, వేలును తీగ మీద ఆనీ ఆననట్టు ఉంచి ఈల లాంటి నాదం తీయడం, ఇవన్నీ గిటారునూ, గొంతునూ, మడమనూ అనుకరించడానికి వచ్చిన పనిముట్లు. సరసాతే ‘సపతేయాదో’ వాయించేటప్పుడు కుడిచేతి మణికట్టును గమనించాలి. చెయ్యి కదిలినట్టే ఉండదు, కమాను మాత్రం చెక్క నేల మీద మడమల్లా టకటకమంటూ ఉంటుంది. గిటారిస్టు తార్రేగా రాసిన ‘అల్‌హాంబ్రా జ్ఞాపకాలు’ను రుజియేరో రిచ్చీ ఒంటరి వయొలిన్‌కి మలిచాడు. ఒక తీగ మీద వణికే స్వరం, అడుగున నడిచే మరో స్వరం, రెండూ ఒక్క కమానులోంచి రావాలి. కొసరు ముక్కగా దీన్ని ఎత్తుకునే వాదకుడి ధైర్యం మెచ్చుకోదగ్గది.

విదేశం నుంచి వచ్చిన వయొలిన్ మన దగ్గర గొంతును నేర్చుకుంది. ద్వారం వెంకటస్వామి నాయుడు వాయిస్తే తీగ మీద సాహిత్యం పలికినట్టుండేదని విన్నవాళ్ళు చెప్పేవారు. అదే వాద్యం స్పెయిన్ రచనల్లో గిటారును నేర్చుకుంది. వాద్యం ఒకటే, గురువు మారాడు.

ఆర్కెస్ట్రా పక్షాన కూడా కొంత నేర్పు కావాలి. డెబ్భై మంది ఒక్కసారి మోగితే ఒక్క వయొలిన్ మునిగిపోతుంది. అందుకే స్వరకర్త సోలో ఉన్నచోట ఆర్కెస్ట్రాను పలచన చేస్తాడు. తంత్రులతో మీటిస్తాడు, గాలి వాద్యాలతో చిన్న చిన్న జవాబులు చెప్పిస్తాడు. సోలోను పై తీగ మీద ఎత్తులో నడిపిస్తాడు. కాస్తన్యేతాలు (మన చిడతలకు దూరపు చుట్టాలు, కాకపోతే ఇవి గుండ్రంగా ఉండి అరచేతిలో మోగుతాయి), కంజీరలాంటి టాంబొరీను సోలో ఆగిన సందుల్లోనే పూర్తి బలంతో వినబడతాయి.

సోలో వాదకుడు లేని రచనలో కూడా ఈ పని జరగవచ్చు. రిమ్‌స్కీ-కోర్సకోవ్ 1887లో రాసిన ‘కప్రిచో ఎస్పాన్యోల్’ను మొదట వయొలిన్, ఆర్కెస్ట్రాల ఫాంటసీగానే తలపెట్టాడు. తరువాత మనసు మార్చుకొని పూర్తి ఆర్కెస్ట్రా రచన చేశాడు. అయినా మొదటి వయొలిన్ నాయకుడికి ఇచ్చిన సోలోలు పాత ఆలోచనను పట్టిస్తాయి. ‘దృశ్యం, జిప్సీ పాట’ అనే నాలుగో భాగంలో డ్రమ్ము మోత మీద ఇత్తడి వాద్యాలు, వయొలిన్, ఫ్లూటు, క్లారినెట్, హార్ప్ వంతులవారీగా ఒంటరిగా పలుకుతాయి. ఆ తరువాత తంత్రీ వాద్యాలకు ‘గిటారులా’ అని స్వరలిపిలో సూచన రాశాడు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో తొలి సాధన జరుగుతున్నప్పుడే వాద్యకారులు ఆగి ఆగి చప్పట్లు కొట్టారట. రచనను వాళ్ళకే అంకితమిచ్చి, అచ్చులో వాళ్ళ పేర్లన్నీ వేయించాడు.

స్పెయిన్ స్వరకర్తలు

సొంత జానపద సంపదను పట్టించుకోమని స్పెయిన్ స్వరకర్తలకు గట్టిగా చెప్పినవాడు ఫెలీపె పెద్రెల్. 1891లో అతను వెలువరించిన ‘మన సంగీతం కోసం’ అనే ప్రకటన ఒక తరాన్ని కదిలించింది. ఆల్బేనిజ్, గ్రనాదోస్, ఫాయా ముగ్గురికీ అతని మార్గదర్శనం దొరికింది. కానీ వయొలినిస్టులకు ఒక నిరాశ మిగిలింది. ఈ ముగ్గురిలో ఒక్కరూ వయొలిన్ కాన్చెర్టో రాయలేదు. ఆల్బేనిజ్, గ్రనాదోస్ పియానో మనుషులు. ఫాయా వయొలిన్‌ను తన హార్ప్సికార్డ్ కాన్చెర్టోలో అయిదు తోడు వాద్యాల్లో ఒకటిగా మాత్రం తీసుకున్నాడు. ఈ లోటే లాలో, సరసాతే రచనలను ఇన్నేళ్ళు నిలబెట్టింది. ఈ లోటే వయొలినిస్టులను ఇతరుల రచనలు మార్చి వాయించుకునేలా చేసింది. ఫాయా ‘ఏడు స్పానిష్ జానపద గీతాలు’లో ఆరింటిని పావెల్ కొహాన్‌స్కీ వయొలిన్‌కి మార్చాడు, ‘లా విదా బ్రేవె’ ఒపెరాలోని నాట్యాన్ని ఫ్రిట్జ్ క్రైస్లర్ మార్చాడు.

ఆల్బేనిజ్ చివరి ఏళ్ళలో రాసిన పన్నెండు పియానో రచనల ‘ఇబేరియా’ ఆర్కెస్ట్రాకి చేరిన దారి కూడా ఒక వయొలినిస్టుదే. ఎన్రీకె ఫెర్నాందెజ్ అర్బోస్ బ్రస్సెల్స్‌లో వియతాఁ దగ్గర, బెర్లిన్‌లో యోఆఖిమ్ దగ్గర వయొలిన్ నేర్చుకున్నవాడు. తరువాత మాడ్రిడ్ సింఫనీ ఆర్కెస్ట్రాను ఏళ్ళ తరబడి నడిపించాడు. ‘ఇబేరియా’లో అయిదింటిని ఆర్కెస్ట్రాకి మలిచింది అతనే.

గ్రనాదోస్ కథ వేరు. అతని ‘గోయెస్కాస్’ ఒపెరా 1916 జనవరి 28న న్యూయార్క్‌లో ఆడింది. అందులోని ఇంటర్‌మెజో ఇవాళ్టికీ స్పానిష్ కచేరిలో కన్నీరు తెప్పించే నాలుగైదు నిమిషాలు. అమెరికా అధ్యక్షుడి దగ్గర వాయించమని పిలుపు రావడంతో ముందనుకున్న ఓడ వదులుకున్నాడు. వేరే దారిన వస్తుండగా మార్చి 24న ఇంగ్లిష్ చానెల్‌లో ‘ససెక్స్’ ఓడను జర్మన్ జలాంతర్గామి టార్పెడోతో కొట్టింది. భార్యతో సహా చనిపోయాడు.

ఫాయా ‘మూడు మూలల టోపీ’ బాలే 1919 జులై 22న లండన్‌లో ద్యాగిలెవ్ బృందం ప్రదర్శించింది. నాట్యం మాసీన్‌ది, తెరలు, దుస్తులు పికాసోవి. తెర లేవడానికి ముందు మొదలయ్యే నగారాల మోత, చప్పట్లు, ‘ఓలే’ కేకలు లండన్‌లో చేర్చినవే. కచేరిలో ఎక్కువగా వాయించే రెండో సూట్‌లో మూడు నాట్యాలుంటాయి. ఇరుగుపొరుగుల సెగిదియా, మిల్లు యజమాని ఫర్రూకా, చివర హోతా. ఫర్రూకాలో తంత్రీ వాద్యాలన్నీ ఒక్క దెబ్బగా కిందికి కొట్టే చోట, నేలను తన్నే కాలు కళ్ళకు కడుతుంది. ఇంతమంది ఒకే దెబ్బను ఒకే క్షణంలో వేయడం ఏ ఆర్కెస్ట్రాకైనా పరీక్షే.

1936 తరువాత

1936 ఏప్రిల్ 19న బార్సిలోనాలోని పలావ్ దె లా మూజికా కతలానాలో, ఒక సంగీతోత్సవంలో, ఆస్ట్రియా స్వరకర్త ఆల్బన్ బెర్గ్ వయొలిన్ కాన్చెర్టో తొలిసారి వినిపించింది. అప్పటికి బెర్గ్ చనిపోయి నాలుగు నెలలు. వాయించినది లూయిస్ క్రాస్నర్. ఆ ఉత్సవానికే ఇంగ్లండు నుంచి స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్, కతలాన్ వయొలినిస్టు ఆంతోన్యో బ్రోసా కలిసి వచ్చారు. మూడు నెలలకు స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలైంది. 1940 మార్చిలో న్యూయార్క్‌లో బ్రోసా బ్రిటెన్ వయొలిన్ కాన్చెర్టోను తొలిసారి వాయించాడు. మొదట్లోనే నగారాల మీద మోగే ఆ లయలో, ముగింపులోని విలాపంలో స్పెయిన్ నీడ చాలామందికి వినిపించింది. పండుగ రంగులు లేని స్పెయిన్ అది. స్పానిష్ కచేరి కూర్చేవాళ్ళు ఈ రచనను తలచుకోకపోవడం నాకు లోపమనే అనిపిస్తుంది.

యుద్ధం సంగీతకారులను చెల్లాచెదురు చేసింది. ఫాయా 1939లో అర్జెంటీనా వెళ్ళి అక్కడే 1946లో కన్నుమూశాడు. రొబెర్తో జెరార్ద్ కేంబ్రిడ్జ్‌లో స్థిరపడి అక్కడే వయొలిన్ కాన్చెర్టో రాశాడు. హోఆకీన్ రోద్రిగో మాత్రం యుద్ధం ముగిశాక విదేశాల నుంచి తిరిగొచ్చి దేశంలో స్థిరపడ్డాడు. మూడేళ్ళ వయసులో డిఫ్తీరియాతో చూపు పోగొట్టుకున్నాడు. గిటారుకు రాసిన ‘అరన్హువేజ్ కాన్చెర్టో’ 1940లో అతన్ని లోకప్రసిద్ధుణ్ణి చేసింది. 1943లో వయొలిన్‌కు ‘గ్రీష్మ కాన్చెర్టో’ రాశాడు. వివాల్డిని తలపించే ఎడతెగని పరుగు, ఎండలా తేటైన నాదం. స్పెయిన్ స్వరకర్త రాసిన, కచేరికి నిండుగా సరిపోయే వయొలిన్ కాన్చెర్టో ఉన్నా దాన్ని వాయించేవాళ్ళు తక్కువ. గిటారు కాన్చెర్టో వెలుగులో ఇది మరుగున పడిపోయింది.

పంప్లోనా

పేరూ డబ్బూ ఎంత వచ్చినా సరసాతే ఏటా సాన్ ఫెర్మిన్ ఉత్సవాలకు పంప్లోనా వచ్చి తన ఊరివాళ్ళకు వాయించేవాడు. 1879లో అతను స్థాపించిన సంగీత సంఘమే ఇప్పటి నవార్రా సింఫనీ ఆర్కెస్ట్రాకు మూలం. అతని పేరుతో అక్కడ అంతర్జాతీయ వయొలిన్ పోటీలు 1991 నుంచి జరుగుతున్నాయి. స్పెయిన్ నుంచి కొత్త తరం వయొలినిస్టులు కూడా వస్తున్నారు. గ్రనాడాలో పుట్టిన మరియా దుఎన్యాస్ 2021లో మెనూహిన్ పోటీలో పెద్దల విభాగం గెలిచింది.

సరసాతే 1908 సెప్టెంబరు 20న బియారిట్జ్‌లో చనిపోయాడు. తల్లి కన్నుమూసిన బయోన్ అక్కడికి కూతవేటు దూరమే. అతని దగ్గర స్త్రాదివారీ చేసిన వయొలిన్లు రెండుండేవి. 1724 నాటిది తనకు విద్య చెప్పిన పారిస్ కన్సర్వేటరీకి రాసిచ్చాడు. 1713 నాటిది మాడ్రిడ్ కన్సర్వేటరీలో ఉంది.